మన ఊరి కాలువ మన హాల్లో: ఫొటోగ్రాఫర్‌తో ప్రకృతి చిత్రం తీయించుకునే పద్ధతి

హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉంది. బజారులో దొరికే పోస్టరు కాకుండా, మీరు పెరిగిన ఊరి కాలువో, మీకిష్టమైన కొండో అక్కడ ఉండాలని కోరిక. ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేసి ‘మా ఊరి కాలువ ఫొటో మంచిదొకటి తీసిపెట్టండి’ అంటారు. చాలా పనులు ఇక్కడే చెడతాయి. ఫొటో బాగుంటుంది కానీ గోడకు నప్పదు. గోడకు నప్పితే, పెద్దది చేసేసరికి ముద్దగా వస్తుంది. లేదా మే నెలలో వెళ్తే కాలువలో నీళ్లే ఉండవు.

ఈ పనికి ఒక వరస ఉంది: గోడ, చోటు, కాలం, మనిషి, ఒప్పందం, షూట్, ప్రింటు. కెమెరా బయటికి రాకముందే సగానికి పైగా నిర్ణయాలు అయిపోవాలి. కింద అన్ని దశల్లోనూ ఒకే ఉదాహరణ వాడాం: హైదరాబాద్ ఫ్లాట్‌లో ఏడడుగుల సోఫా, దాని పైన కోనసీమ కాలువ మీద చలికాలపు పొగమంచు. మీ చోటు వేరైనా లెక్క మారదు.

## 1. ముందు గోడ కొలవండి

టేపు పట్టుకుని గోడ వెడల్పు, సోఫా వెడల్పు, నేల నుంచి సోఫా వీపు ఎత్తు రాసుకోండి.

ఫొటో వెడల్పు సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులుంటే కంటికి కుదురుగా ఉంటుంది. సోఫా 84 అంగుళాలైతే ఫొటో 56 అంగుళాలు. సోఫా పైఅంచుకీ ఫ్రేము కిందిఅంచుకీ మధ్య 6 నుంచి 8 అంగుళాల ఖాళీ చాలు. కింద సామాను లేని గోడైతే ఫొటో నడిమధ్య భాగం నేల నుంచి 57–60 అంగుళాల ఎత్తులో, అంటే నిలబడ్డ మనిషి కంటి దగ్గరగా రావాలి. మన ఇళ్లలో ఫొటోలు తలుపు గుమ్మం పైన వేలాడదీసే అలవాటుంది. ప్రకృతి చిత్రానికి అది పనికిరాదు. మెడ ఎత్తి చూసే ఫొటోలో నీళ్లు నీళ్లలా కనిపించవు.

తర్వాత నిష్పత్తి. కెమెరా మామూలుగా 3:2 నిష్పత్తిలో తీస్తుంది, 56 అంగుళాల వెడల్పుకి 37 అంగుళాల ఎత్తు వస్తుంది. కాలువ, కొబ్బరి చెట్ల వరస, పొలాలు అడ్డంగా సాగే దృశ్యాలు కాబట్టి 2:1 బాగుంటుంది: 56 × 28 అంగుళాలు. జలపాతానికీ ఒంటరి తాటిచెట్టుకీ నిలువు ఫ్రేము.

నిర్ణయించిన కొలతకి పాత దినపత్రికలు అతికించి గోడకు టేపుతో అంటించండి. రెండు రోజులు అలాగే ఉంచండి. పొద్దున కిటికీ ఎండ ఆ కాగితం మీద పడుతోందా, రాత్రి లైటు దాని మీద మెరుస్తోందా గమనించండి. ఎండ నేరుగా పడే గోడైతే మరో గోడ చూసుకోవడమే మంచిది.

ఇప్పుడు పిక్సెళ్ల (ఫొటోని కూర్చే చుక్కల) లెక్క. ఆరడుగుల దూరం నుంచి చూసే ఫొటోకి అంగుళానికి 150 పిక్సెళ్లు ధారాళంగా సరిపోతాయి. వరండాలో, మెట్ల దగ్గర ముఖం పెట్టి చూసే చిన్న ఫొటోకి 300 కావాలి.

- 56 × 28 అంగుళాలు, 150 చొప్పున: 8400 × 4200 పిక్సెళ్లు, అంటే సుమారు 35 మెగాపిక్సెళ్లు.
- 24 మెగాపిక్సెళ్ల కెమెరా (6000 × 4000) ఫొటోని 2:1కి కత్తిరిస్తే 6000 × 3000. అంగుళానికి 107 మాత్రమే వస్తాయి. దూరం నుంచి ఫరవాలేదు, దగ్గరికెళ్తే ఆకులు ముద్దగా కనిపిస్తాయి.
- 45 మెగాపిక్సెళ్ల కెమెరా (8256 × 5504) అయితే అంగుళానికి 147. చాలు.
- అదే 24 మెగాపిక్సెళ్ల కెమెరాని నిలువుగా తిప్పి, 30% ఒకదానిమీద ఒకటి వచ్చేలా నాలుగు ఫ్రేములు (విడి ఫొటోలు) తీసి కలిపితే సుమారు 12,400 × 6000 పిక్సెళ్లు. అంచులు కత్తిరించాక కూడా గోడకు మించి ఉంటుంది.

కాబట్టి ఖరీదైన కెమెరా ఉన్నవారే కావాలని లేదు. ఫ్రేములు కలపడం బాగా తెలిసినవారు చాలు. అయితే పడవ కదులుతున్నా, నీటిలో అలలున్నా, గాలికి మట్టలు ఊగుతున్నా కలిపే చోట అతుకులు పడతాయి. అది ముందే మాట్లాడుకోవాలి.

## 2. చోటు అంటే ఊరి పేరు కాదు, నిలబడే జాగా

‘అమలాపురం దగ్గర కాలువ’ అంటే వంద చోట్లున్నాయి. మ్యాపులో పిన్ను పెట్టండి. ఏ గట్టు మీద నిలబడాలి, ఎటు చూడాలి అన్నది కూడా రాయండి.

మీరు దూరంలో ఉంటే, మరీ ముఖ్యంగా విదేశాల్లో ఉంటే, ఊళ్లో ఉన్న బాబాయికో మరదలికో చెప్పి పొద్దున ఆరున్నరకి ఆ గట్టు మీద నుంచి నిమిషం వీడియో తీయించండి. మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పమనండి. మీ జ్ఞాపకంలో ఉన్న కాలువకీ ఇప్పటి కాలువకీ తేడా ఆ నిమిషంలో తెలిసిపోతుంది. గట్టు మీద సిమెంటు రోడ్డు పడి ఉండొచ్చు, చెట్లు కొట్టేసి ఉండొచ్చు, గుర్రపుడెక్క నీటిని కప్పేసి ఉండొచ్చు.

ఆ వీడియో చూసి మూడు జాబితాలు రాయండి:

- తప్పక ఉండాల్సినవి: ఉదాహరణకి వంపు దగ్గర వాలిన కొబ్బరిచెట్టు, రేవు మెట్లు.
- ఉంటే బాగుండేవి: పడవ, కొంగలు, గట్టు మీద సైకిలు.
- ఉండకూడనివి: కరెంటు తీగలు, సెల్ టవరు, ప్లాస్టిక్ చెత్త, కొత్త మేడలు.

మూడో జాబితా చాలామంది రాయరు. ఫొటో చేతికొచ్చాక గొడవలు మాత్రం దాని మీదే వస్తాయి.

## 3. కాలం: ఏ నెల, ఏ గంట

ప్రకృతి ఫొటోకి నెల తప్పితే మిగతావన్నీ సరిగా ఉన్నా ప్రయోజనం లేదు. కోనసీమ కాలువ సంగతే తీసుకోండి.

వేసవిలో, ఏప్రిల్–మే నెలల్లో, గోదావరి డెల్టా కాలువలు కట్టేస్తారు. అడుగున బురద, చెత్త తప్ప ఏమీ కనిపించవు. జూన్‌లో నీళ్లు వదులుతారు. జూలై, ఆగస్టుల్లో వరద గోదారి ఎర్రనీరు కాలువల్లోకీ వస్తుంది. ఆకాశం మబ్బు, నీరు బురద రంగు. వర్షపు చిత్రం కావాలంటే ఇదే సమయం, అద్దంలాంటి నీరు కావాలంటే కాదు. నవంబరు, డిసెంబరు సార్వా (ఖరీఫ్ వరి) కోతల కాలం, బంగారు రంగు మడులు. కోతలయ్యాక కొన్నాళ్లు మోళ్లు, దమ్ము చేసిన బురద మడులు. దాళ్వా (రబీ వరి) ఊడ్పులయ్యాక, జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు, లేత పచ్చదనమూ పొగమంచూ రెండూ ఒకేసారి దొరుకుతాయి. మన ఉదాహరణకి ఆ నాలుగు వారాలే. సంక్రాంతి మూడు రోజులూ వదిలేయండి. గదులు దొరకవు, రోడ్ల నిండా కార్లు, గట్ల నిండా జనం.

మిగతా చోట్లకి క్లుప్తంగా:

- అరకు వలిసె పూలు: నవంబరు చుట్టుపక్కల.
- లంబసింగి మంచు: డిసెంబరు, జనవరి.
- కుంటాల జలపాతం: వానలు కుదురుకున్నాక, ఆగస్టు–అక్టోబరు.
- లక్నవరం లాంటి చెరువులు నిండుగా: సెప్టెంబరు–నవంబరు.
- పులికాట్‌లో రాజహంసలు: నవంబరు–ఫిబ్రవరి.
- ఆదిలాబాద్ అడవుల్లో మోదుగు పూలు: ఫిబ్రవరి, మార్చి.
- పాపికొండలు: వరద తగ్గి నీరు తేటబడ్డాక, చలికాలం. వరద రోజుల్లో పడవలు ఆపేస్తారు.

గంట కూడా ఖాయం చేయాలి. పొగమంచు పట్టాలంటే ముందు రాత్రి ఆకాశం తేటగా ఉండాలి, గాలి ఉండకూడదు, నేలలో తేమ ఉండాలి. మబ్బు పట్టిన రాత్రి తర్వాత మంచు ఆశించొద్దు. నేల వేడి పైకి పోకుండా మబ్బు దుప్పటిలా అడ్డుకుంటుంది. సూర్యోదయానికి అటూ ఇటూ మంచు చిక్కగా ఉండి, ఎండెక్కిన గంట రెండు గంటల్లో చెదిరిపోతుంది. అంటే ఒక పొద్దున మీకు దొరికే పనిసమయం గంటా గంటన్నర. ఒక్క పొద్దుతో పని అయిపోతుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

వెలుగు దిక్కు మరీ ముఖ్యం. మంచుకి వెనక నుంచి ఎండ తగిలితే అది వెలుగుతుంది, చెట్లు పొరలు పొరలుగా విడిపోయి కనిపిస్తాయి. అదే ఎండ మన వెనక నుంచి పడితే మంచు చప్పగా బూడిద రంగు తెరలా ఉంటుంది. కాబట్టి పొద్దుటి ఫొటోకి పడమటి గట్టు మీద నిలబడి తూర్పుకి చూడాలి. ఆ తూర్పు కూడా ఏడాదంతా ఒకచోట ఉండదు. మన ప్రాంతంలో డిసెంబరులో సూర్యుడు సరితూర్పుకి దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్‌లో దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. మొత్తం తేడా 50 డిగ్రీలకి దగ్గర. వేసవి సెలవుల్లో చూసినప్పుడు కాలువ నడుమ ఉదయించిన సూర్యుడు జనవరిలో తోట వెనక్కి పోయి ఉంటాడు. ఫొటోపిల్స్ లాంటి యాప్‌లో పిన్ను, తేదీ ఇస్తే ఆ రోజు సూర్యుడు ఉదయించే దిక్కుకి గీత గీసి చూపిస్తుంది. ఆ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాత ఫొటోగ్రాఫర్‌కి రాసిచ్చే పనివివరానికి జత చేస్తారు.

## 4. ఫొటోగ్రాఫర్‌ని ఎంచుకోవడం

పెళ్లి ఫొటోలు అద్భుతంగా తీసేవారు ప్రకృతి ఫొటో కూడా అలాగే తీస్తారని అనుకోవద్దు. అది వేరే ఓపిక. అడగాల్సినవి ఇవి:

- ఒకే చోటుని వేరు వేరు రోజుల్లో తీసిన నాలుగైదు ఫొటోలు చూపించగలరా? మళ్లీ మళ్లీ వెళ్లే అలవాటు ఉందో లేదో ఇక్కడే తేలుతుంది.
- 40 అంగుళాలకి మించి ప్రింటు వేసిన పని ఒకటైనా ఉందా? ఉంటే ఆ ప్రింటు చూడండి, ఫోన్‌లో కాదు.
- ఒక పూర్తి సైజు ఫైలు పంపగలరా? వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగానో డ్రైవ్ లింకుగానో పంపమనండి.

ఆ ఫైలుని కంప్యూటరులో 100% సైజులో తెరిచి నాలుగు మూలలు చూడండి. ఆకులు మూలల్లో సాగినట్టు ఉన్నాయా, కొమ్మల అంచుల్లో తెల్లటి గీతలు మెరుస్తున్నాయా, ఆకాశంలో రంగు మెట్లు మెట్లుగా విరిగిందా, నీలిరంగు మీద గుండ్రటి మరకలున్నాయా. తెల్ల గీతలంటే పదును ఎక్కువ పెట్టారని, మెట్లంటే ఫైలుని బాగా సాగదీశారని, మరకలంటే సెన్సారు (కెమెరాలో బొమ్మ పట్టే పలక) మీద దుమ్ముందని. ఫోన్ తెర మీద ఇవేవీ కనిపించవు, గోడ మీద అన్నీ కనిపిస్తాయి.

రంగుల విషయంలో ఒక మాట. గడ్డి పచ్చ చిలకపచ్చలా, సాయంత్రం ఆకాశం గులాబ్‌జామ్ పాకంలా ఉన్న ఫొటోలు ఫోన్‌లో చూపుని ఆపుతాయి. రోజూ ఇంట్లో చూసే గోడ మీద నెల తిరక్కుండా మొహం మొత్తుతాయి. మెత్తటి రంగులతో పనిచేసేవారిని ఎంచుకోండి.

## 5. పనివివరం రాసి ఇవ్వండి

నోటిమాటగా చెప్పినది ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది. ఒక్క పేజీ చాలు. ఇలా రాస్తే పనికిరాదు:

‘కోనసీమ అందాలు కనిపించేలా, ప్రశాంతంగా, హెచ్‌డీ క్వాలిటీలో ఒక ఫొటో కావాలి.’

ఇలా రాయండి:

‘చోటు: జత చేసిన పిన్ను, పడమటి గట్టు. చూపు: తూర్పు–ఆగ్నేయం. కాలం: జనవరి 20 – ఫిబ్రవరి 15 మధ్య, సూర్యోదయానికి అరగంట ముందు నుంచి గంట తర్వాత వరకు. ఉండాల్సినవి: నీటి మీద మంచు, వంపు, వాలిన కొబ్బరిచెట్టు, రేవు మెట్లు. ఉండకూడనివి: తీగలు, టవరు. తుది ప్రింటు: 56 × 28 అంగుళాలు, కాన్వాస్ కాదు, కాగితం. కనీసం 8200 × 4100 పిక్సెళ్లు, సాగదీయకుండా. గది: లేత గోధుమరంగు గోడ, పసుపు వెలుగు లైట్లు.’

నచ్చిన ఫొటోలు రెండు మూడు జత చేయండి. ‘ఇలాంటిదే కావాలి’ అని కాకుండా, ‘ఇందులో వెలుగు నచ్చింది, దీనిలో నీటికి ఇచ్చిన జాగా నచ్చింది’ అని రాయండి. వేరొకరి ఫొటోని యథాతథంగా మళ్లీ తీయమనడం మంచి ఫొటోగ్రాఫర్‌ని అవమానించడమే, పైగా ఆ ఫొటో అంత బాగా ఎప్పటికీ రాదు.

## 6. అనుమతులు

ఊరి కాలువగట్టుకి పెద్దగా ఏమీ అక్కర్లేదు. కొబ్బరితోటలోకి వెళ్లాలంటే రైతుని అడగాలి, అంతే. మిగతా చోట్ల జాగ్రత్త.

అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో ఫొటోలు తీయడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతి కావాలి. పాపికొండలు, కోరింగ, కొల్లేరు, పులికాట్, అమ్రాబాద్ ఇవన్నీ ఆ కోవలోవే. గండికోట, గోల్కొండ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలి. ట్రైపాడ్ లేకుండా తెల్లవారుజామున పెద్ద ప్రింటుకి పనికొచ్చే ఫొటో రావడం కష్టం.

డ్రోన్ కావాలంటే 2021 డ్రోన్ నిబంధనలు చూసుకోవాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పనిచేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో ఆకుపచ్చ ప్రాంతమైతే 400 అడుగుల వరకు విడిగా అనుమతి అక్కర్లేదు. పసుపు, ఎరుపు ప్రాంతాలకి కావాలి. కోనసీమలో గ్యాస్, చమురు కేంద్రాలున్నాయి కాబట్టి మ్యాపు చూడకుండా ఎగరేయనివ్వకండి. ఒకటి చెప్పాలి: గోడ మీద పెట్టుకునే ఫొటోకి పైనుంచి తీసిన దృశ్యం కన్నా మనిషి కంటి ఎత్తు నుంచి తీసినదే ఎక్కువ కాలం నచ్చుతుంది. మీరు ఆ గట్టు మీద నిలబడి చూశారు, ఆకాశం నుంచి చూడలేదు.

ఫొటోలో ముఖం గుర్తుపట్టేలా పడవవాడో రైతో ఉండి, దాన్ని హోటల్ లాబీలోనో ప్రకటనలోనో వాడబోతుంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం తీసుకోండి. వాళ్లకి కొంత ఇవ్వడం ధర్మం. ఒక ప్రింటు కూడా.

## 7. ధర, ఒప్పందం, హక్కులు

మొత్తం ఒకే అంకెగా ధర చెబితే విడదీసి రాయమనండి. అప్పుడే ఇద్దరు ఫొటోగ్రాఫర్ల ధరలు పోల్చగలరు.

- రెక్కీ: షూట్‌కి ముందు చోటు చూసి రావడం
- షూట్ రోజులు, రోజుకి ఎంత
- ప్రయాణం, బస, పడవ, సహాయకుడు
- అనుమతుల రుసుము
- ఎడిటింగ్, ఎన్ని దఫాల మార్పులు
- వాడకం హక్కు
- ప్రింటు, ఫ్రేము (విడిగా)
- జీఎస్టీ: రిజిస్ట్రేషన్ ఉన్నవారు 18% వేస్తారు

డబ్బు మూడు విడతలుగా ఇవ్వడం ఇద్దరికీ క్షేమం: ఒప్పుకున్నప్పుడు 40%, షూటయ్యి చిన్న సైజు ఫొటోలు చూపించాక 40%, తుది ఫైలు అందాక 20%.

వాతావరణం గురించి రాయకపోతే ఒప్పందం రాయనట్టే. మూడు పొద్దులు ప్రయత్నించాలి. మూడింటా మంచు రాకపోతే ఏమిటి? మంచి పద్ధతి ఇది: అదే సీజన్లో మరో రెండు పొద్దులకి వెళ్తారు, మీరు ప్రయాణం, బస ఖర్చు మాత్రమే ఇస్తారు, రోజు రుసుము ఇవ్వరు. వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ముందు రోజు సాయంత్రం ఫొటోగ్రాఫర్‌దే. మబ్బు పట్టినా రమ్మని ఒత్తిడి చేస్తే ఒక పొద్దు వృథా అవుతుంది, ఆ ఖర్చు మీదే.

హక్కుల సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, మీరు అడిగి డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు మీరే. అదే ఫొటోగ్రాఫర్ దగ్గర ఇప్పటికే ఉన్న ఫొటో ప్రింటు కొనుక్కుంటే కాపీరైట్ వారిదే, మీది ఆ కాగితం మాత్రమే. చాలామంది ఫొటోగ్రాఫర్ల ఒప్పంద పత్రంలో ‘హక్కులన్నీ ఫొటోగ్రాఫర్‌వే’ అన్న వాక్యం ఉంటుంది. సంతకం పెడితే అదే చెల్లుతుంది. కాబట్టి చదవండి.

ఇంటి గోడకైతే పూర్తి కాపీరైట్ కోసం పట్టుబట్టడం అనవసరం. ఎప్పటికీ చెల్లే, ఎక్కడైనా ప్రింటు వేసుకోగల అనుమతి చాలు, ధరా తగ్గుతుంది. అయితే ఆ రెండు మాటలూ రాతలో ఉండాలి. 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ప్రింటు వేయించుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, వ్యక్తిగత ప్రదర్శనకి, మళ్లీ ప్రింటు వేసుకునే హక్కుతో’ అని రాయించుకోండి. ఇదే ఫ్రేముని ఇంకెవరికీ అమ్మకూడదనుకుంటే అదీ రాయాలి. దానికి ధర పెరగడం న్యాయమే.

ఎడిటింగ్ హద్దులూ ఒప్పందంలోకే వస్తాయి. తీగ తీసేయొచ్చు, చెత్త తుడవొచ్చు, వెలుగు నీడలు సరిచేయొచ్చు. ఆకాశం మార్చడం, లేని పక్షుల్ని చేర్చడం, కృత్రిమ మేధతో చెట్లు పుట్టించడం వద్దనుకుంటే స్పష్టంగా రాయండి, తుది ఫొటోకి మూలమైన రా ఫైలుని (కెమెరా దాచే ముడి ఫైలుని) తెర మీద చూపించమనే నిబంధన పెట్టండి. మీ ఊరి ఆకాశం కోసమే కదా ఇంత శ్రమ.

## 8. షూట్ రోజుల్లో మీరు చేయాల్సినది

కొంచెమే. వెంట వెళ్తే పక్కన నిలబడండి, గట్టు మీద ముందుకి నడవకండి. మంచుతడి గడ్డిలో అడుగుజాడలు ఫొటోలో పడతాయి. ముందు రోజు సాయంత్రం రేవు దగ్గర చెత్త ఏరించి పెట్టండి. కంప్యూటరులో చెరపడం కన్నా అది సులువు, నిజాయితీ కూడా. పడవవాడికి టైము చెప్పి ఉంచండి.

మొదటి పొద్దు అయ్యాక కెమెరా వెనక తెర మీదో ఫోన్‌లోనో రెండు ఫ్రేములు చూపించమనండి. చెట్టు ఎడమకి జరగాలా, నీళ్లు ఎక్కువ కావాలా అన్నది రెండో పొద్దుకి ముందే చెప్పాలి. ఫైలు వచ్చాక చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

## 9. ఎంపిక, దిద్దుబాటు

ఫొటోగ్రాఫర్ 8–12 ఫొటోలు చిన్న సైజులో పంపుతారు. అన్నీ ఒక్కసారిగా చూసి వెంటనే చెప్పేయకండి. మూడింటికి కుదించి, ఫోన్‌లో కాకుండా టీవీ మీద పెట్టి, మూడు రోజులు వస్తూ పోతూ చూడండి. మొదట చూపుని ఆపిన ఫొటో ఒకటి, మూడో రోజుకీ చూడాలనిపించేది ఇంకొకటి అవుతుంది. రెండోదే తీసుకోండి.

మార్పులు అడిగేటప్పుడు ‘ఇంకొంచెం పాప్ కావాలి’ అనకండి. ‘ఎడమ మూల గట్టు మరీ నల్లగా ఉంది, మెట్లు కనిపించడం లేదు’ అనండి. రెండు దఫాలు చాలు.

తుది ఫైలు అందాక ఇవి సరిచూసుకోండి:

- ప్రింటుకి 16 బిట్ల టిఫ్ ఫైలు, దానితో పాటు జేపెగ్ ఫైలు
- పిక్సెళ్ల సంఖ్య ఒప్పందంలో ఉన్నట్టే ఉందా
- 100% సైజులో నాలుగు మూలలు, ఆకాశం, ఫ్రేములు కలిపిన చోట నీటి అలలు
- క్షితిజరేఖ, అవతలి గట్టు వాలిపోలేదు కదా
- మూడు కాపీలు: కంప్యూటరు, బయటి డిస్కు, క్లౌడ్

పిక్సెళ్లు సరిగ్గా ఉండి కూడా దగ్గరగా చూస్తే ప్లాస్టిక్‌లా నునుపుగా కనిపిస్తే చిన్న ఫైలుని సాఫ్ట్‌వేరుతో పెంచారని అనుమానించండి. అడిగితే తప్పేం లేదు.

## 10. ప్రింటు

కాన్వాస్ చవక, తేలిక, మెరవదు. కానీ దాని నేత మంచు లాంటి సన్నటి ఛాయల్ని మింగేస్తుంది. పొగమంచుకి మెరుపులేని నూలు కాగితమే సరైనది. హానెముల్ కంపెనీ ఫొటో రాగ్ (చదరపు మీటరుకి 308 గ్రాములు) కాగితం ఈ కోవకి చెందినదే, పిగ్మెంటు ఇంకుతో వేయించాలి. జలపాతం, పూలు లాంటి గాఢ రంగులకి మెరుపు కాగితమో, ముందు యాక్రిలిక్ అతికించిన ప్రింటో నప్పుతుంది. కాన్వాసే కావాలంటే చెక్క చట్రం చుట్టూ తిప్పడానికి నాలుగువైపులా రెండు అంగుళాలు అదనంగా ఉండాలి. ముందే చెప్పకపోతే మీ కొబ్బరిచెట్టు కొస పక్కకి మడతపడుతుంది.

నేరుగా పెద్ద ప్రింటు వేయించకండి. ముందు రెండు ముక్కలు: మొత్తం ఫొటో చిన్న సైజులో ఒకటి, తుది సైజులోంచి 8 × 12 అంగుళాల ముక్క ఇంకొకటి. రెండోదాంట్లో చీకటి గట్టు, వెలుగు మంచు రెండూ ఉండాలి. వాటిని అదే గోడకు అంటించి పగలు ఒకసారి, రాత్రి లైట్లలో ఒకసారి చూడండి.

తరచుగా వచ్చే ఫిర్యాదు ‘ప్రింటు నల్లగా వచ్చింది’ అని. తప్పు ప్రింటరుది కాదు. ఎడిట్ చేసిన మానిటరు వెలుగు ఎక్కువ పెట్టి ఉంటుంది, తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం గదిలో వెలుగుని బట్టే కనిపిస్తుంది. మానిటరు వెలుగు తగ్గించి, ప్రింటింగ్ ల్యాబు ఇచ్చే కాగితం ప్రొఫైలుతో (ఆ కాగితం మీద రంగులెలా వస్తాయో చెప్పే ఫైలుతో) సరిచూసి, నీడల్ని కొద్దిగా పైకి లేపి మళ్లీ ముక్క వేయిస్తే కుదురుతుంది. మంచు గులాబీగానో ఆకుపచ్చగానో తేలితే ప్రొఫైలు తప్పు ఎంచుకున్నారని అర్థం.

విదేశాలకి పంపాలంటే ఫ్రేము కట్టించి పంపకండి. ఫైలు పంపి అక్కడే వేయించడం మేలు. ఇక్కడే వేయిస్తే వెడల్పాటి ట్యూబులో చుట్టి పంపాలి, సన్నటి ట్యూబులో మందపు కాగితం విరుగుతుంది. అందాక ఒక రోజు బల్ల మీద పరిచి ఉంచి తర్వాత ఫ్రేముకివ్వండి.

## 11. ఫ్రేము, బిగింపు

ఫ్రేము కట్టేవారికి మూడు మాటలు చెప్పండి: ఆమ్లరహిత మౌంటు బోర్డు కావాలి, ప్రింటు అద్దానికి అంటకూడదు, వెనక ప్లైవుడ్ నేరుగా ప్రింటుకి తగలకూడదు. అద్దానికి అంటిన కాగితం వానాకాలపు తేమకి అతుక్కుపోతుంది, తర్వాత విడదీస్తే చిరుగుతుంది. హాలుకి ఎదురుగా కిటికీ ఉంటే మెరుపులేని యాక్రిలిక్ వేయించండి. 56 అంగుళాల ఫ్రేముకి మామూలు అద్దం చాలా బరువవుతుంది.

బాత్రూమ్‌కి అవతలి గోడ, వాన కొట్టే బయటి గోడ, కొత్తగా సిమెంటు పూసిన గోడ వద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో చెమ్మ వెనక నుంచే వస్తుంది. ఫ్రేము వెనక నాలుగు మూలల్లో కార్కు బిళ్లలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. తీగతో ఒకే మేకుకి కాకుండా, గోడ రంధ్రాల్లో ప్లగ్గులు వేసి రెండు స్క్రూల మీద బిగించండి, అప్పుడు ఒక పక్కకి వాలదు.

మొదటి వానాకాలం తర్వాత ఒకసారి దింపి వెనక చూడండి. బూజు చుక్కలుంటే వెంటనే ఫ్రేము విప్పించి ఆరబెట్టించాలి.

గోడకెక్కించే ముందు వెనక బోర్డు మీద కాగితం అంటించి ఇవి రాయండి: చోటు, తేదీ, తీసినవారి పేరు, కాగితం రకం, ఇంకు రకం, ఫైలు పేరు, ప్రింటు వేసిన ల్యాబు. పదిహేనేళ్ల తర్వాత ప్రింటు వెలిసిపోయి మళ్లీ వేయించాల్సి వస్తే ఆ చీటీయే ఆధారం.